పియానో రోల్‌లో సరళీ వరుసలు

ప్రశ్న: నేను పిల్లలకు కర్ణాటక గాత్రం నేర్పుతాను. వాళ్ళు ఇంట్లో సాధన చేసుకోవడానికి తొలి పాఠాలైన సరళీ వరుసలను కంప్యూటర్‌లో సంగీతం కూర్చే ఎఫ్‌ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసి ఇద్దామనుకున్నాను. అందులో స్వరాలను గీతలుగా గీసే గళ్ళ పట్టిక అయిన పియానో రోల్‌లో మాయామాళవగౌళ రాగ స్వరాలను పేర్చి వినిపిస్తే, మా అమ్మాయి ‘లిఫ్టులో వచ్చే చప్పుడులా ఉందమ్మా’ అంది. లోపం ఎక్కడుంది? అసలు ఇందులో గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, పలికించగలమా?
– ఒక సంగీత ఉపాధ్యాయురాలు, కాకినాడ

జవాబు: ముందుగా స్వరస్థానాలను ఒకసారి సరిచూసుకోండి. షడ్జాన్ని పియానో మీటల్లోని సి మీద, అంటే మిడి (స్వరాలను కంప్యూటర్‌కు అంకెల్లో చెప్పే పద్ధతి) లెక్కలో 60వ నోటు మీద ఉంచితే, ఆరోహణ వరుసగా 60, 61, 64, 65, 67, 68, 71, 72 మీద పడాలి. రిషభ గాంధారాల మధ్య, ధైవత నిషాదాల మధ్య రెండేసి వరుసలు ఖాళీగా కనిపించాలి. ఈ 60వ నోటునే కొన్ని సాఫ్ట్‌వేర్లు సి3 అనీ, కొన్ని సి4 అనీ, మీ ఎఫ్‌ఎల్ స్టూడియో సి5 అనీ పిలుస్తాయి కాబట్టి, వేరే సాఫ్ట్‌వేర్ వాడేవారి పాఠాలు చూసి నేర్చుకునేటప్పుడు స్థాయి తారుమారు కాకుండా చూసుకోండి.

మీ అమ్మాయి పసిగట్టిన లోపం పియానో రోల్ పుట్టుకలోనే ఉంది. పూర్వం తమంతట తామే మోగే పియానోలలో చిల్లులు పొడిచిన కాగితపు చుట్టలు తిరిగేవి. చిల్లు ఎక్కడుందో దాన్నిబట్టి మీట, ఎంత పొడవుందో దాన్నిబట్టి కాలం నిర్ణయమయ్యేవి. 1908లో అమెరికాలోని బఫలోలో తయారీదారులు సమావేశమై ఆ చుట్టలకు ఉమ్మడి కొలతలు కూడా నిర్ణయించుకున్నారు. అయితే మామూలు చుట్టలోని చిల్లు మీటను ఎంత బలంగా నొక్కాలో చెప్పలేదు. మీరు మౌస్‌తో గీసిన గీతలదీ అదే పరిస్థితి: అన్నీ ఒకే బలంతో మోగుతున్నాయి. ఆ బలాన్నే వెలాసిటీ అంటారు. అది 1 నుంచి 127 వరకు ఉంటుంది, స్వరాల కింద ఉండే పట్టీలో నిలువు గీతలుగా కనిపిస్తుంది. మొదటి సరళిలో ‘సరిగమ’ తాళంలోని నాలుగు స్వరాల లఘువుకు, ‘పద’, ‘నిస’ రెండేసి స్వరాల రెండు ద్రుతాలకు సరిపోతాయి కదా. మొదటి షడ్జాన్ని 105 దగ్గర, ద్రుతాలు మొదలయ్యే పంచమ నిషాదాలను 95 దగ్గర ఉంచి, మిగిలిన వాటిని 75, 85 మధ్య ఎగుడుదిగుడుగా వదిలేయండి. అంతమాత్రానికే తాళం అంగాలు చెవికి అందుతాయి.

తరువాత నిడివి సంగతి. గీతలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే ఊపిరి తీసుకునే చోటు ఉండదు. ఆల్ట్ మీట నొక్కిపట్టి గీత చివరను లాగితే గళ్ళకు అతుక్కోకుండా కావలసినంత కుదించవచ్చు. ఆవర్తం (తాళం ఒక చుట్టు) చివరి స్వరాన్ని కాస్త ఎక్కువగానే కుదించండి. సహజంగా ఉంటుందని స్వరాల మొదళ్ళను కూడా అటూ ఇటూ జరపమని చాలామంది సలహా ఇస్తారు. సినిమా పాటకు అది బాగానే ఉంటుంది గాని, తాళం వేస్తూ పాడే పిల్లలకు మొదలు గీత మీదే ఉండాలని నా అభిప్రాయం.

గమకం తప్పకుండా పలుకుతుంది. సరళీ వరుసలకు అది అక్కర్లేదని మీకు నేను చెప్పనవసరం లేదు. గీతాలకు వచ్చినప్పుడు, మోగుతున్న స్వరాన్ని ఒక గీత గీసి పైకీ కిందికీ జరిపే పిచ్ బెండ్ నేర్చుకోండి. రిషభం నుంచి గాంధారానికి జారు కావాలనుకుందాం. దూరం మూడు అర్ధస్వరాలు, అంటే పియానో రోల్‌లో మూడు వరుసలు; పిచ్ బెండ్‌కు వాడుకలో ఉన్న పరిధి రెండే. ఎంత పైకి గీసినా జారు గాంధారం అందుకోకుండా 63 దగ్గర ఆగిపోతుంది. ఆ పరిధిని ముందే 12కు పెంచుకుంటే, గీతను పై అంచు దాకా ఉన్న ఎత్తులో నాలుగో వంతు లేపితే చాలు. వేరే కంపెనీ వాయిద్యాన్ని తెచ్చి వాడుతుంటే దాని లోపలి పరిధి కూడా 12గానే ఉండాలి. జారు ముగిశాక గీతను మళ్ళీ సున్నాకు దించకపోతే తరువాతి స్వరాలన్నీ అపశ్రుతిలో పడతాయి. పిచ్ బెండ్ ఆ ట్రాకులో మోగుతున్న ప్రతి స్వరాన్నీ కదుపుతుంది కాబట్టి తంబురాను వేరే ట్రాకులో పెట్టండి. లేదంటే రిషభంతో పాటు ఆధార షడ్జమూ జారిపోతుంది.

పిల్లలు ఐదో శ్రుతిలో పాడుతుంటే మళ్ళీ గీయాల్సిన పని లేదు. స్వరాలన్నిటినీ ఎంచుకుని, షిఫ్ట్ పట్టుకుని కింది బాణం ఐదుసార్లు నొక్కితే షడ్జం 60 నుంచి 55కు, అంటే జి మీదకు దిగుతుంది.

ప్రశ్న: మిడి కీబోర్డు కొనకుండా పియానో రోల్ నేర్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నిక్షేపంగా నేర్చుకోవచ్చు. ఎఫ్‌ఎల్ స్టూడియోలో టైపింగ్ కీలే పియానో మీటలవుతాయి. కింది వరుసలోని జెడ్ నుంచి ఒక స్థాయి, పై వరుసలోని క్యూ నుంచి ఆ పై స్థాయి మొదలవుతాయి. అయితే వాటికి వేలి బలం తెలియదు కాబట్టి, వాయించి రికార్డు చేసుకున్నాక వెలాసిటీని కింది పట్టీలో మీరే సరిదిద్దుకోవాలి. ఆ పని విసుగనిపించిన రోజున 25 మీటల చిన్న కీబోర్డు కొనుక్కోండి.