స్వతంత్ర పరిశోధన కోసం ఫెలోషిప్: దరఖాస్తుకు ముందు తేల్చుకోవలసినవి

మీరు మైక్రోబయాలజీలో ఎం.డి. పూర్తి చేసి, హైదరాబాద్‌లోనే ఒక పరిశోధన సంస్థలో, మందులకు లొంగని బ్యాక్టీరియా మీద ఒక సీనియర్ శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తున్నారు. సొంత పరిశోధన మొదలుపెట్టడానికి ఏ ఫెలోషిప్ సరిపోతుంది, ఇంతవరకు వచ్చిన పేపర్లన్నింటిలో గైడ్ గారే కరెస్పాండింగ్ ఆథర్ (పేపరుకు బాధ్యత వహించి, దాని గురించిన ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే రచయిత) అయినప్పుడు స్వతంత్రంగా పనిచేయగలరని ఎలా చూపించాలి, ఇందుకోసం ఊరు మారాలా అని మూడు సంగతులు అడిగారు. నేను ఊపిరితిత్తుల వైద్యుణ్ణి. నగరంలోని ఒక బోధనాసుపత్రిలో ఐదేళ్ల ఫెలోషిప్ మీద క్షయ రోగులతో పరిశోధన చేస్తున్నాను. నా తర్వాత దరఖాస్తు పెట్టే జూనియర్లు కొందరు తమ ముసాయిదాలు నాకు చూపిస్తుంటారు. ఆ అనుభవంతో గట్టిగా చెప్పదలచుకున్నది ఏమిటంటే, పథకం ఎంపిక చివర చేయవలసిన పని. అంతకంటే ముందు మీ ప్రశ్న ఏదో గైడ్ గారితో తేల్చుకోవాలి, దాని మీద పనిచేయడానికి మీకు ఎంత సమయం ఉంటుందో సంస్థ చేత కాగితం మీద రాయించుకోవాలి.

అయినా మీరు మొదట అడిగింది పథకాల గురించే కాబట్టి, అర్హత లేని చోట నెలల శ్రమ వృథా కాకుండా అదే ముందు చెబుతాను. వైద్యులకు మన దేశంలో అన్నిటికంటే అనువైనవి ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లని నా అభిప్రాయం. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో ఈ కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. కార్యాలయం మన బంజారాహిల్స్‌లోనే ఉంది. మౌలిక జీవవైద్య పరిశోధనకు ఒక విభాగం, వైద్యులకూ ప్రజారోగ్య పరిశోధకులకూ వేరే విభాగం ఉండటం దీని ప్రత్యేకత. అక్కడ వయోపరిమితి పెట్టలేదు, వైద్యులకు పీహెచ్‌డీ ఉండి తీరాలని అడగలేదు, ప్రసూతి వంటి కారణాలతో మధ్యలో పని ఆగిన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారు. తొలి దశ ఫెలోషిప్‌కు ఒక పర్యవేక్షకులు ఉండాలి, మధ్య దశకు వచ్చేసరికి పరిశోధకులే తమ బృందానికి బాధ్యులు. శాశ్వత ఉద్యోగం లేనివారికి జీతం కూడా ఫెలోషిప్ నుంచే వస్తుంది. 2025 అక్టోబరు 1న కేంద్ర మంత్రివర్గం ఈ కార్యక్రమం మూడో దశకు 1500 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో 1000 కోట్లు బయోటెక్నాలజీ విభాగానివి, 500 కోట్లు వెల్‌కమ్ ట్రస్ట్‌వి. దశ మారినప్పుడల్లా నియమాలూ మొత్తాలూ మారే అవకాశం ఉంటుంది కనుక, పాత ఫెలోలు చెప్పిన లెక్కల మీద (నావి కూడా కలిపి) ఆధారపడకుండా తాజా ప్రకటనను మొదటి నుంచి చివరి దాకా చదవండి.

మిగిలినవాటిలో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కు సాధారణంగా 32 ఏళ్లు దాటకూడదు, ఎం.డి. ముగించి కొన్నేళ్లు ల్యాబులో గడిపే డాక్టర్లలో చాలామందికి ఆ వయసు అప్పటికే దాటిపోతుంది. రామలింగస్వామి ఫెలోషిప్ విదేశాల్లో పనిచేస్తూ తిరిగి రాదలచినవారిది. అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్ ఇచ్చే ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు ఇప్పటికే రెగ్యులర్ పోస్టులో ఉన్నవారికి. మీ పరిస్థితికి ఈ మూడూ అంతగా పొసగవు.

ఇక ప్రశ్న విషయం. పైన చెప్పిన ఫెలోషిప్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ వైద్య పరిశోధకుడు డాక్టర్ రామలింగస్వామి గారి ప్రస్తావన వచ్చింది కనుక ఆయన పనినే ఉదాహరణగా తీసుకుంటాను. శ్రీకాకుళంలో పుట్టిన ఆయన 1956లో హిమాలయ పాదంలోని కాంగ్రా లోయలో మొదలుపెట్టిన అధ్యయనాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ఉప్పులో అయొడిన్ కలిపి ఇస్తే గొంతువాపు వ్యాధి (గాయిటర్) తగ్గుతుందా? లోయను మూడు ప్రాంతాలుగా విభజించి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేసి, ఏళ్ల తరబడి పిల్లల మెడలు పరీక్షించారు. ఆ ప్రశ్నను వైద్యం తెలియనివారికి చెప్పినా అర్థమవుతుంది, దేన్ని కొలవాలో ఆ వాక్యంలోనే ఉంది, జవాబు ఎటు వచ్చినా ఉపయోగం ఉంది. ఫెలోషిప్ దరఖాస్తులో మీరు రాయవలసిన మొదటి వాక్యానికి ఈ మూడు లక్షణాలూ ఉండాలని నేను కోరుకుంటాను. మా జూనియర్ల ముసాయిదాల్లో ఎక్కువగా కనిపించేది ఇందుకు భిన్నం: గైడ్ గారి గ్రాంటులో నాలుగో లక్ష్యంగా మిగిలిపోయిన పనిని కొంచెం పెంచి, కొత్త యంత్రం పేరు ఒకటి చేర్చి, దాన్ని సొంత ప్రాజెక్టుగా చూపిస్తారు. సమీక్షకులు మీ గైడ్ గారి పేపర్లు కూడా చదివే ఉంటారు కాబట్టి ఈ అతుకు వెంటనే బయటపడుతుంది.

నా విషయంలో ఇది ఎలా జరిగిందో చెబుతాను. నేను పనిచేసిన ల్యాబులో క్షయ బ్యాక్టీరియా మందులకు ఎందుకు లొంగడం లేదన్నదే ముఖ్యమైన పని. ఓపీలో నాకు కనిపించింది మరొకటి: ఆరు నెలల మందులు పూర్తయి, కఫంలో క్రిములు లేవని తేలి, కార్డు మీద ‘నయమైంది’ అని రాయించుకున్న మనిషి, ముఖ్యంగా చక్కెర వ్యాధి కూడా ఉన్న మనిషి, ఒక అంతస్తు మెట్లెక్కి ఆయాసంతో నిలబడిపోతున్నాడు. ఊపిరితిత్తికి జరిగిన నష్టం ఎంత, అది చికిత్సలో ఏ దశలో జరిగింది, చక్కెర అదుపులో ఉంటే తగ్గేదా అన్నది నా ప్రశ్న అయింది. ఇది నా గైడ్ అయిన మా మేడమ్ గారి పని నుంచి పుట్టిందే, కానీ ఆవిడ ల్యాబులో జరిగేది కాదు. ఆవిడతో కూర్చుని ఒక తెల్లకాగితం మీద నిలువుగా గీత గీసి, అటు ఏవి ల్యాబువో, ఇటు ఏవి నావో రాసుకున్నాం. బ్యాక్టీరియా నమూనాల సేకరణ, జన్యుక్రమాల సమాచారం అటు వెళ్లాయి. రోగుల రిజిస్టరు, శ్వాస పరీక్షల రికార్డులు, చికిత్స తర్వాతి ఫాలోఅప్ ఇటు వచ్చాయి. ఫ్రీజర్‌లో ఉన్న పాత సీరం ట్యూబుల దగ్గర మాత్రం చర్చ చాలాసేపు సాగింది. చివరికి ఎవరు వాడినా రెండో వారికి తెలియజేసి, వచ్చే పేపరులో పేరు చేర్చాలని రాసుకున్నాం. ఆ కాగితం మీద ఇద్దరం తేదీ వేసి సంతకం చేశాం. మీరు కూడా ఈ పని ప్రకటన వెలువడక ముందే చేసుకోండి. గడువు దగ్గర పడ్డాక అడిగితే ఆ మాట గైడ్ గారికి తెగతెంపుల్లా వినిపిస్తుంది, ముందుగా అడిగితే సాయం కోరినట్టుగా ఉంటుంది.

కరెస్పాండింగ్ ఆథర్ సంగతి మిమ్మల్ని మరీ కలవరపెట్టనవసరం లేదు. శిక్షణలో ఉన్నవారు మొదటి పేరుగా, గైడ్ చివరి పేరుగా ఉండటం జీవవైద్య రంగంలో అందరికీ తెలిసిన పద్ధతే, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. సమీక్షకులు వెతికేది, ఆ పేపరులో ఏ ఆలోచన మీది అన్నది. దీన్ని రెండు చోట్ల చూపించవచ్చు. మొదటిది, గైడ్ గారి సిఫారసు లేఖ: ‘చురుకైన, కష్టపడే పరిశోధకురాలు’ అన్న మాటలకు బదులు, ఫలానా ప్రయోగాన్ని ఈమె ప్రతిపాదించింది, ఫలానా ఫలితాన్ని నేను నమ్మకపోతే మళ్లీ చేసి చూపించింది, ఇకపై ఫలానా దిశలో మా ల్యాబు పనిచేయదు, అది ఆమెది అని రాస్తే ఆ ఒక్క పేరాకు ఎంతో బరువు ఉంటుంది. రెండోది, గైడ్ గారి పేరు లేని ఒక చిన్న పేపరు. మీరు మైక్రోబయాలజిస్టు, ఆసుపత్రి కల్చర్ రిపోర్టుల మీద ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సహోద్యోగులతో కలిసి రాసిన నిజాయితీ గల విశ్లేషణ, పెద్ద పత్రికలో రాకపోయినా, ఈ అవసరానికి సరిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను: ఆతిథ్య సంస్థ, అంటే ఫెలోషిప్ కాలంలో మీరు పనిచేయబోయే సంస్థ, ఇచ్చే లేఖ. మన దగ్గర దీన్ని ఒక లాంఛనంగా చూస్తారు. అభ్యర్థే టైపు చేసి తీసుకువెళితే సంతకం, ముద్ర పడతాయి. ఫెలోషిప్ వచ్చాక మీ ఐదేళ్లూ ఎలా గడుస్తాయన్నది ఆ లేఖలోని మాటల మీదే ఆధారపడుతుంది. నాకు మొదట వచ్చిన లేఖలో ‘విభాగ అవసరాలకు లోబడి పరిశోధనకు సమయం కేటాయించబడును’ అని ఉంది. చదవడానికి మర్యాదగానే ఉన్నా, మూడు రోజుల ఓపీ, వార్డు రౌండ్లు, నైట్ డ్యూటీలు, పరీక్షల విధులు, తనిఖీల రోజులు అన్నీ ఆ ‘లోబడి’లో ఇమిడిపోతాయి. మా మేడమ్ గారు ఆ మాటను కొట్టివేయించి, వారంలో ఏ రోజులు ఓపీ, ఏ రోజులు పూర్తిగా పరిశోధన, ఆ రోజుల్లో నా బదులు డ్యూటీ ఎవరు చూస్తారు అన్నవి రోజుల పేర్లతో సహా రాయించారు. అందుకు ఆఫీసు చుట్టూ చాలాసార్లు తిరగవలసి వచ్చింది. ఆ తర్వాత విభాగాధిపతి మారినప్పుడు నన్ను కాపాడింది ఆ రోజుల పేర్లే.

అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థలు వైద్య పరిశోధకులకు ఇచ్చే కె-23 అవార్డులో పని సమయంలో కనీసం 75 శాతం ఆ పరిశోధనకే కేటాయించాలన్నది నియమం. మన ఆసుపత్రుల్లో రోగుల రద్దీకి, డాక్టర్ల కొరతకు ఆ స్థాయి కష్టమని నాకు తెలుసు, ఓపీ ముందు క్యూ చూసినవారెవరికైనా తెలుస్తుంది. అందుకే శాతాల్లో కాకుండా రోజుల్లో అడగమంటున్నాను. రోజు పోతే పోయినట్టు అందరికీ కనబడుతుంది. మీరు ఓపీ చూడరు కానీ డయాగ్నొస్టిక్ ల్యాబు డ్యూటీ, బోధన మీ మీద పడతాయి కనుక మీకూ ఇదే వర్తిస్తుంది. ఇండెంట్ (కొనుగోలు కోరే పత్రం) మీద, ప్రాజెక్టు సిబ్బంది నియామకం మీద సంతకం మీదేనా, గది ఏది, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు జనరేటర్ లైను ఉందా, ఫెలోషిప్ ముగిశాక పోస్టు విషయంలో సంస్థ ఏమంటోంది అన్నవి కూడా అదే లేఖలో ఉండాలి. చివరి దానికి స్పష్టమైన హామీ ఇచ్చే సంస్థలు తక్కువ. హామీ లేదని తెలిసి చేరడం వేరు, ఉందని ఊహించుకుని చేరడం వేరు.

బడ్జెట్‌లో యంత్రాల కంటే మనుషులకు ఎక్కువ పెట్టండి. సంస్థల్లో యంత్రాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, కానీ రోగికి ఫోను చేసి మళ్లీ రప్పించే నర్సు దొరకరు. రోగులు ఫాలోఅప్‌కు రావాలంటే బస్సు ఛార్జీ, ఆ రోజు పోయిన కూలీ ఇవ్వవలసి ఉంటుంది, దాన్ని ఎథిక్స్ కమిటీకి ముందే రాసి చూపించాలి. ప్రభుత్వ సంస్థలో కొనుగోళ్లు టెండర్ల ద్వారా, ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల వేదిక అయిన జెమ్ పోర్టల్ ద్వారా సాగుతాయి కాబట్టి మొదటి ఏడాది పెద్ద యంత్రం చేతికొస్తుందనుకుని ప్రయోగాల పట్టిక వేసుకోకండి. విదేశీ సహకారం, నమూనాలు బయటికి పంపడం వంటివి ఉంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ద్వారా ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి, దానికి పట్టే కాలాన్ని కూడా పట్టికలో చూపండి.

ఇండియా అలయన్స్‌లో ప్రాథమిక దరఖాస్తు, పూర్తి దరఖాస్తు, బయటి నిపుణుల సమీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ ఉంటాయి. ఇంటర్వ్యూలో నన్ను మొదట అడిగింది, ‘మీరు లేకపోయినా మీ పాత ల్యాబులో ఈ పని జరుగుతుందా?’ అని. గీత గీసుకున్న కాగితం ఉండబట్టి జవాబు కోసం తడుముకోలేదు. తర్వాతి ప్రశ్న, మొదటి లక్ష్యం తప్పని తేలితే మిగిలిన నాలుగేళ్లు ఏం చేస్తారని. మీ లక్ష్యాలు గొలుసు కట్టులా ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటే ఇక్కడ ఇబ్బంది పడతారు. కనీసం ఒకటి దేనిమీదా ఆధారపడకుండా నిలబడేలా అమర్చుకోండి. ఎంపిక కాకపోతే సమీక్షకులు రాసిన వ్యాఖ్యలు చేతికొస్తే వాటిని జాగ్రత్తగా దాచుకోండి, అంత శ్రద్ధగా మన ప్రతిపాదనను మరొకరు చదవడం అరుదు.

ఊరు మారాలా అన్నదానికి నా జవాబు, ఊరు మారనక్కర్లేదు కానీ గది మాత్రం మారాలి. ప్రస్తుత గైడ్ గారి ల్యాబులోనే, అదే బెంచి మీద, ఆయననే పర్యవేక్షకుడిగా పెట్టుకుంటే ఎంత బాగా రాసినా మీరు వేరు పడ్డారని నమ్మించడం కష్టం. హైదరాబాద్‌లో ఉన్న సౌకర్యం ఏమిటంటే హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ, పంజాగుట్టలో నిమ్స్, గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం, కొంచెం దూరంలో బీబీనగర్ ఎయిమ్స్ అన్నీ ఒక పూటలో వెళ్లి రాగలిగే దూరంలో ఉన్నాయి. మీ అంశానికి బ్యాక్టీరియా ఆసుపత్రిలో దొరుకుతుంది, జన్యుక్రమం చదివే వసతి పరిశోధన సంస్థలో ఉంటుంది. కాబట్టి మైక్రోబయాలజీ విభాగం బలంగా ఉన్న ఒక బోధనాసుపత్రిని ఆతిథ్య సంస్థగా పెట్టుకుని, ఇప్పటి గైడ్ గారిని పర్యవేక్షకులుగా కాక సహకారిగా చూపించమని నా సలహా. ఆ ఆసుపత్రి విభాగాధిపతిని కలిసినప్పుడు జీతం, పోస్టు గురించి కాకుండా, గత ఏడాది కల్చర్ నమూనాలు ఎన్ని వచ్చాయి, వాటిని ఎన్నాళ్లు భద్రపరుస్తారు, మీకు ఏ రోజులు ఇవ్వగలరు అన్న మూడు ప్రశ్నలతో మొదలుపెట్టండి. ఆ జవాబులు చూస్తే మీ ప్రశ్నకు అక్కడ చోటుందో లేదో తెలుస్తుంది.