సీసాలు తేవద్దు, మేమే వస్తాం

అనంతపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దసరా సెలవులకు బెంగళూరు నుంచి కారు డిక్కీలో రెండు పెట్టెల క్రాఫ్ట్ బీరు, అదే చిన్న కర్మాగారాల్లో చేసే బీరు, వేసుకొని వస్తానని, మన మిద్దె మీద అందరికీ రుచి చూపిస్తానని రాశావు. సరదా బాగానే ఉంది కానీ ఆ పని చేయవద్దు. కర్ణాటక సరుకు అనుమతి లేకుండా ఆంధ్రలోకి తేవడం ఎక్సైజు నేరం. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర డిక్కీ తెరిపించారంటే పండగ పూట మీ నాన్న స్టేషను మెట్లెక్కాలి. పైగా రెండు వందల కిలోమీటర్లు డిక్కీలో ఉడికిన బీరు పోసి, ఇదే దీని రుచి అని మా చేత నమ్మిస్తావా? అందుకని నేనే వేరే ఏర్పాటు ఆలోచించాను. సరుకు అక్కడే ఉండనీ, మనుషులం మేమే కదులుతాం. మీ అమ్మ, నాన్న, చిన్నాన్న, వాళ్ల అబ్బాయి, మీ అత్త, నేను, మొత్తం ఆరుగురం రైల్లో వస్తాం. ఈలోగా నువ్వు చేయవలసినవి కొన్ని ఉన్నాయి.

ముప్ఫై ఏళ్లు బెంగళూరులో ఒక బీరు కర్మాగారం ప్రయోగశాలలో పనిచేసినవాణ్ణి కనుక ఈ చాదస్తం భరించు. రోజూ పదకొండు గంటలకు మేము ఐదారుగురం రుచి చూసే బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. అప్పుడే కాఫీ తాగి వచ్చినవాడికి ఆ రోజు కుర్చీ లేదు. సెంటు పూసుకొచ్చినవాడికీ లేదు. కాబట్టి మేము వచ్చే సాయంత్రం మీ ఇంట్లో అగరొత్తులు వెలిగించవద్దు. మీ ఆవిడను మల్లెపూలు ఆ రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచుకోమని చెప్పు. తిరగమోతలన్నీ ముందే అయిపోవాలి. ఇంగువ ఘాటు ముందు ఏ బీరూ నిలబడదు.

గ్లాసుల సంగతి. అర లీటరు పట్టే చెవి గ్లాసులు కొన్నానని గొప్పగా ఫొటో పంపావు. అవి పైన అటక మీద పెట్టు. టీ కొట్లలో వాడే గాజు గ్లాసులు మేము తెస్తున్నాం. అందులో మూడింట రెండు వంతులు, అంటే 70 మిల్లీలీటర్ల దాకా పోస్తే చాలు. మిగిలిన ఖాళీ నురగకూ వాసనకూ. 500 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి ఏడుగురికి సరిపోతుంది. ఐదు రకాలకు ఐదు డబ్బాలు, మనిషికి మొత్తం 350 మిల్లీలీటర్లు. ఇంతేనా అని మీ నాన్న అడుగుతారు. ఇంతే. మొదటి గ్లాసు వాసన గుర్తుండగానే ఐదోది తాగాలి. కడుపు నిండితే ముక్కు పనిచేయదు.

పులుసు గిన్నె తోమిన పీచుతో గ్లాసు తోమవద్దు. కంటికి కనబడని జిడ్డు చాలు, నురగ నిమిషంలో చచ్చిపోతుంది. వంటసోడా వేసి కడిగి, వేడినీళ్లతో తొలిచి, గుడ్డ మీద బోర్లించి ఆరనివ్వు. బీరు పోశాక గ్లాసు గోడలకు లోపల బుడగలు అతుక్కొని కనిపిస్తే అది సరిగా కడగని గ్లాసు.

ఎండ విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆకుపచ్చ సీసా ఒకటి కిటికీ అంచున పెట్టి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చి మూత తీస్తే కాలిన రబ్బరూ కుళ్లిన ఉల్లిగడ్డా కలిపినట్టు కంపు. బీరుకు చేదునిచ్చేది హాప్స్ అనే తీగ పువ్వు. ఆ చేదు పదార్థం మీద వెలుతురు పడితే విరిగి గంధకపు వాసన పుడుతుంది. నిమిషాలు చాలు. గోధుమరంగు సీసా చాలావరకు కాపాడుతుంది, ఆకుపచ్చది దాదాపు ఉత్తదే, డబ్బాలో ఆ బెడదే లేదు. అందుకే డబ్బాలు కొను. కొనేటప్పుడు అడుగున తేదీ చూడు. ఇది ఆవకాయ కాదు, ఊరేకొద్దీ బాగుపడదు. హాప్స్ దండిగా వేసి చేసే ఐపీఏ అనే చేదు బీరు అయితే మరీను, నెలలు గడిచేకొద్దీ దాని వాసన పారిపోతుంది.

వరుస ఇలా పెట్టుకో: ముందు తేలికపాటి లాగర్, తర్వాత బెల్జియం వాళ్ల గోధుమ బీరు విట్, జర్మనీ వాళ్ల గోధుమ బీరు హెఫెవైజెన్, ఆపైన ఐపీఏ, చివర నల్లటి స్టౌట్. ఐపీఏ ముందు పోశావంటే దాని చేదు నాలుకను పట్టుకుంటుంది, తర్వాత లాగర్ బోరునీళ్లలా ఉంటుంది. అన్నీ మంచుగడ్డలా చల్లగా ఇవ్వవద్దు. చలి వాసనను కప్పేస్తుంది. లాగర్ ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా పోసెయ్యి, స్టౌట్‌ను పావుగంట ముందే తీసి బల్ల మీద పెట్టు. హెఫెవైజెన్ డబ్బాలో చివరి పావు వంతు మిగిలినప్పుడు మెల్లగా తిప్పి, అడుగున దిగిన ఈస్టును, అంటే బీరును పులియబెట్టే సూక్ష్మజీవిని, లేపి అందరికీ సమంగా పంచు. ఆ మబ్బు రంగే దాని అందం.

ఇక అసలు సంగతి. మన ఇంట్లో సగం మంది తాగరు. మీ అమ్మ జన్మలో తాగలేదు, తాగదు. చిన్నాన్న షుగరు మాత్రలు మింగుతాడు, ఆ రోజు తాగుతాడో లేదో ఆయన ఇష్టం. వాళ్ల అబ్బాయికి 21 నిండలేదు. వీళ్లందరినీ పక్క గదిలో టీవీ ముందు కూర్చోబెట్టి మిగిలినవాళ్లం గ్లాసులు పట్టుకుంటే అది కుటుంబంతో పంచుకోవడం ఎలా అవుతుంది? నేను ఇక్కడ ఒక ఉపాయం పరీక్షించాను.

మొన్న ఆదివారం సాయంత్రం మిద్దె మీద తొమ్మిది చిన్న గిన్నెలు పెట్టాను. బీరు చుక్క లేదు. ఒకదానిలో కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు, ఒకదానిలో ఎండు నారింజ తొక్క, మరొకదానిలో నల్లమచ్చలు పడ్డ అరటిపండు గుజ్జు, తర్వాత లవంగాలు, బెల్లం, కాఫీ గింజలు. చివరి మూడూ మీ అమ్మ చేత చేయించాను. నీ చిన్నప్పుడు నీకు రాగి మాల్టు చేసినట్టే రాగులు నానబెట్టి, గుడ్డలో కట్టి, మొలకలొచ్చాక నీడన ఆరబెట్టింది. బీరు కోసం బార్లీని కూడా ఇలాగే మొలకెత్తించి ఆరబెడతారు, అదే మాల్టు. ఒక పిడికెడు అలాగే ఉంచింది. ఒక పిడికెడు సన్నసెగ మీద దోరగా వేయించింది. మూడో పిడికెడు నల్లగా మాడ్చమన్నాను. అప్పుడు మీ అమ్మ ముఖం చూడాలి. ఇన్నేళ్లూ ఒక్క గింజ మాడకుండా చూసుకున్న మనిషి!

కళ్లకు తువ్వాలు కట్టి ఒక్కొక్కరి ముక్కు దగ్గర గిన్నె పెట్టాం. మాడిన రాగులకు మీ నాన్న ‘కాఫీపొడి’ అన్నారు. మీ అమ్మ రెండోసారి కూడా పీల్చకుండా ‘కాఫీ కాదు, అడుగంటిన సంకటి’ అంది. నాయనా, స్టౌట్ గురించి ముప్ఫై ఏళ్లలో నేను రాసిన నివేదికల్లో ఒక్కదానిలోనూ ఇంత మంచి మాట లేదు. మాల్టు ఎంత మాడితే బీరు అంత నలుపు, అంత ఆ వాసన.

ఆ గిన్నెలు మేము తెస్తాం. చిన్నాన్న కొడుకు వాటిని అందరి దగ్గరికీ తిప్పుతాడు. మీ అమ్మకూ ఒక గ్లాసు పోసి ఇవ్వు, ఆమె వాసన చూసి తీర్పు చెబుతుంది. ఆ గ్లాసు తర్వాత మీ నాన్న చేతికి పోకుండా కాపలా కాయడం నీ పని.

ఒక్క నియమం గట్టిగా పాటించు. డబ్బాలకు పాత పేపరు చుట్టు. పేరు, ధర, రకం ఏదీ ముందు చెప్పవద్దు. ‘ఇందులో అరటిపండు వాసన వస్తుంది చూడండి’ అన్నావంటే అందరికీ అదే వస్తుంది, మీ అత్తకైతే అరటాకు కూడా కనిపిస్తుంది. అందరూ చీటీల మీద ఎవరికి తోచింది వాళ్లు రాసుకున్నాక నోరు విప్పు. అప్పుడు చెప్పు, విట్‌లో నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారని, హెఫెవైజెన్‌లో అరటిపండూ లేదు లవంగమూ లేదని, ఆ రెండు వాసనలూ ఈస్టు పులుస్తూ పుట్టిస్తుందని. జర్మనీలో బవేరియా ప్రభువులు 1516లో బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేమీ వేయకూడదని కట్టడి చేశారు. ఈస్టు ఊసే లేదు, అది ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. గోధుమ బీరుకు మాత్రం తర్వాత వాళ్లకు వాళ్లే మినహాయింపు ఇచ్చుకొని లాభాలు తీసుకున్నారనుకో. ప్రభువులు ఎక్కడైనా ప్రభువులే. విట్ కథ ఇంకా బాగుంటుంది. బెల్జియంలోని హూగార్డెన్ ఊళ్లో 1950లలో ఆఖరి విట్ కర్మాగారం కూడా మూతపడింది. ఆ ఊళ్లో పాలు పోసే పియెర్ సెలిస్ 1966లో విట్ చేయడం మళ్లీ మొదలుపెట్టాడు. మీ నాన్నకు ఇది తప్పకుండా చెప్పు, పాలవాడు బీరు చేశాడంటే ఆయనకు గ్లాసు మీద గౌరవం పెరుగుతుంది.

ఐపీఏ వచ్చినప్పుడు మీ అమ్మను మామిడికాయ తొడిమ గిల్లితే కారే సొన గుర్తుందా అని చీటీలు రాశాక అడుగు. ఊరికే అనడం లేదు, మామిడిలోనూ హాప్స్‌లోనూ ఉండే మిర్సీన్ అనే సుగంధ తైలం ఒకటే.

తినడానికి మధ్యలో ఉత్త బొరుగులు, మంచినీళ్లు చాలు. ఉప్పేసి ఉడికించిన చెనక్కాయలు లాగర్‌తో బాగుంటాయి. మిరపకాయ బజ్జీలు వద్దని కాదు, ఐపీఏ పక్కన మాత్రం వద్దు. చేదూ గ్యాసూ కలిసి మన కారాన్ని రెట్టింపు చేస్తాయి, మీ చిన్నాన్న కళ్లనీళ్లు పెట్టుకొని నిన్ను తిడతాడు. మీ అత్త ఓళిగలు చేసి తెస్తోంది. అవి స్టౌట్ వచ్చేదాకా బయటికి తీయవద్దు. బెల్లం పూర్ణం, ఆ మాడు చేదు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇది నా సొంత అభిప్రాయం, వాదించాలంటే వాదించు.

‘ఎక్కనిది బీరేమిటి’ అని మీ నాన్న ఒకసారైనా అంటారు. బదులు చెప్పకు, నవ్వి ఊరుకో. ఆయన చీటీ మీద ఏమి రాశారో అందరిలో చదివించు, దారికొస్తారు. ఎవరైనా వద్దంటే ఎందుకని అడగకు, రెండోసారి బతిమాలకు. ఆ రాత్రి కారు తాళాలు నీ ఆవిడ దగ్గర ఉండాలి, ఆమె కూడా రుచి చూస్తుంది కనుక ఆమె కూడా తీయకూడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే కేసు. మరుసటి ఉదయం స్టేషనుకు ఆటోలో పోతాం.

టీ గ్లాసులు పాత పేపర్లలో చుట్టి సర్దేశాను. మీ అమ్మ రాగుల మూడు డబ్బాలకూ పేర్లు రాసి అంటించింది. మాడిన దాని మీద ‘ఇది కావాలనే’ అని రాసింది.

మీ మామయ్య