ఆగస్టు పరుగుకు సిద్ధమవుతున్న మా చెల్లెలి కూతురికి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ దీవెనలు.

ఆగస్టు నెలాఖరున హైదరాబాదులో జరిగే మారథాన్‌లో నువ్వు సగం దూరం, అంటే 21 కిలోమీటర్ల పైచిలుకు, పరుగెత్తబోతున్నావనీ, ఆ పేరు మీద పోగైన డబ్బును ఇన్సులిన్ కొనుక్కోలేని పిల్లలకు ఇవ్వాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. గొంతులో సంతోషం కన్నా భయమే ఎక్కువగా ఉంది. నిన్ను ఎలాగైనా ఆపమని నన్ను బతిమాలుకుంది. నేను ఆపను. అయితే నీకూ నాకూ ఉన్న టైప్ 1 మధుమేహంతో, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని ఈ జబ్బుతో, ఈ దూరం పరుగెత్తడానికి కావలసిన జాగ్రత్త ఏమిటో, అది ఎక్కడెక్కడ తప్పుతుందో నీకు ఇంట్లో చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఈ లేఖ కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

నాకు ఈ జబ్బు బయటపడింది 1983లో, విజయనగరంలో, పదిహేడో ఏట. గాజు సిరంజిని గిన్నెలో మరిగించి వాడుకునేవాళ్ళం. వేలిమీద రక్తపు చుక్క తీసి చూసుకునే యంత్రం ఇంట్లో లేదు. మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంలో వేసి కాచితే నీలం అలాగే ఉంటే మంచిది, ఇటుక రంగుకు తిరిగితే చక్కెర బాగా ఉన్నట్టు లెక్క. ఆ రంగులు చూసుకుంటూ పెరిగిన నేను నలభై ఆరో ఏట పరుగు మొదలుపెట్టి, ఇప్పటికి ఆరుసార్లు ఈ దూరం పూర్తి చేశాను. ఒకసారి పందెంలోనూ, ఒకసారి సాధనలోనూ మధ్యలో కూలబడ్డాను. ఈ లేఖలో ఎక్కువ భాగం ఆ రెండింటి గురించే.

ముందు డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే నన్ను పందెంలో పడగొట్టింది అదే. నేను కూడా నీలాగే పదిమంది దగ్గరా విరాళాలు అడిగి, "కిలోమీటరుకు ఇంత" అని మాట తీసుకున్నాను. పదమూడో కిలోమీటరు దగ్గర పెదవులు తిమ్మిరెక్కాయి, షుగర్ పడిపోతోందని నాకు స్పష్టంగా తెలిసింది, అయినా ఆగితే పిల్లలకు వెళ్ళవలసిన డబ్బు తగ్గిపోతుందన్న ఆలోచనతో ఇంకో మూడు కిలోమీటర్లు లాక్కుంటూ వెళ్ళాను. ఆ తరువాత జరిగింది నాకు గుర్తు లేదు; కళ్ళు తెరిచేసరికి చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. అందుచేత నువ్వు మొదటి రోజునే దాతలందరికీ రాతపూర్వకంగా చెప్పు: నేను పరుగు పూర్తి చేసినా, మధ్యలో ఆగినా, ఆ రోజు అసలు బయలుదేరకపోయినా మీరిచ్చిన డబ్బు మొత్తం పిల్లలకే వెళుతుంది. దూరానికి ముడిపెట్టి ఎవరి దగ్గరా రూపాయి తీసుకోవద్దు. డబ్బు నీ ఖాతాలోకి రానివ్వకుండా నేరుగా ఆ సంస్థ ఖాతాకే పంపమను, రసీదు వాళ్ళే ఇస్తారు. ఆగిపోయే స్వేచ్ఛ నీకు లేకపోతే ఈ జబ్బుతో పరుగెత్తకూడదని నా గట్టి నమ్మకం.

ఎందుకోసం అడుగుతున్నావో కూడా వివరంగా చెప్పు. ఇన్సులిన్‌ను మొట్టమొదట ఒక మనిషికి ఇచ్చింది 1922 జనవరిలో, టొరంటోలో, పద్నాలుగేళ్ళ లియోనార్డ్ థాంప్సన్‌కు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలను ఆకలితో ఎండగట్టి కొన్నాళ్ళు నిలబెట్టడమే వైద్యం. ఆ మందు అందరికీ అందాలని, దాన్ని తయారుచేసిన బాంటింగ్, బెస్ట్, కోలిప్ దాని హక్కులను ఒక్కొక్క డాలరుకే టొరంటో విశ్వవిద్యాలయానికి అప్పగించారు. నూరేళ్ళు దాటినా మన ఊళ్ళలో కూలిపని చేసుకునే తల్లి నెలాఖరుకు రెండు సూదుల బదులు ఒక్క సూదితో పిల్లను నెట్టుకొస్తోంది. నాకు తెలిసిన ఇళ్ళలో ఇన్సులిన్ ఖర్చు కన్నా వేలి పరీక్ష స్ట్రిప్పుల ఖర్చే బరువుగా ఉంటోంది. కాబట్టి స్ట్రిప్పుల కోసమూ అడుగు.

ఇక శరీరం సంగతి. సాధన మొదలుపెట్టే ముందు మీ డాక్టరు గారిని కలిసి కంటి రెటీనా, మూత్రంలో ప్రోటీను, గుండె, పాదాల స్పర్శ చూపించుకో. కంటి వెనుక కొత్త రక్తనాళాలు మొలిచి ఉంటే పెద్ద శ్రమ చేయకూడదు. ఈ ఒక్క పరీక్షను వాయిదా వేయవద్దు. నేను కింద చెప్పే అంకెలు సాధారణంగా పాటించేవి. నీ మోతాదులు మాత్రం ఆయనతో కూర్చుని నిర్ణయించుకోవలసినవే.

బయలుదేరే ముందు షుగర్ 126 నుంచి 180 మధ్య ఉంటే సుఖం. 90 కంటే తక్కువ ఉంటే పది, ఇరవై గ్రాముల గ్లూకోజు తీసుకుని, పెరిగాక కదులు. 250 దాటితే కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి ఒంట్లో చేరే ఆమ్లాలు, ఉన్నాయేమో చూసుకో, అవి ఉంటే ఆ రోజు పరుగు లేదు. ముందు 24 గంటల్లో ఇంకొకరి సాయం కావలసినంతగా షుగర్ పడిపోయి ఉంటే అప్పుడూ లేదు. జ్వరం, వాంతులు ఉన్న రోజునా లేదు. నెలసరికి ముందు రోజుల్లో చాలామందికి అంకెలు కారణం లేకుండా పెరుగుతాయి; అది నీ తప్పు అనుకుని ఇన్సులిన్ ఎక్కువ వేసుకుని పరుగుకు వెళ్ళవద్దు.

పరుగెత్తే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే చక్కెరను లాక్కుంటుంది. దానికి తోడు ఇడ్లీ తిని వేసుకున్న ఇన్సులిన్ కూడా ఒంట్లో ఉంటే రెండూ కలిసి నిన్ను కిందికి గుంజుతాయి. ఆ ఇన్సులిన్ సుమారు నాలుగు గంటలు పనిచేస్తుంది. అందుకే నేను తెల్లవారుజామున, తిండి సూది వేసుకోకముందే పరుగెత్తడాన్ని ఇష్టపడతాను. తప్పక తిని వెళ్ళవలసి వస్తే ఆ మోతాదు ఎంత తగ్గించాలో ముందే డాక్టరు గారిని అడిగి పెట్టుకో. తొడకు సూది వేసుకుని పరుగెత్తితే మందు త్వరగా రక్తంలో కలుస్తుంది కనుక ఆ రోజుల్లో పొట్టకే వేసుకో. చేతికి అతికించుకున్న సెన్సారు మంచిదే గానీ, అది చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. షుగర్ వేగంగా పడుతున్నప్పుడు అది కొన్ని నిమిషాలు వెనకబడి చెబుతుంది. సెన్సారు 95 చూపిస్తూ బాణం కిందికి ఉంటే నువ్వు అప్పటికే 80లో ఉన్నావనుకుని తీసుకో.

సాధనలో కూలబడిన రోజు సంగతి కూడా విను. డిసెంబరు ఉదయం, బీచ్ రోడ్డులో ఋషికొండ దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాను. రోడ్డు పక్క బోర్డు మీద అక్షరాలు ఒక్కొక్కటే కనిపిస్తున్నాయి, మాటలుగా మాత్రం కూడటం లేదు. జేబులో గ్లూకోజు పొట్లం ఉంది. తీశాను. చెమటకు తడిసిన ప్లాస్టిక్ మీద బొటనవేలు జారిపోతోంది, ఎంత గుంజినా చిరగదు, వేళ్ళు నావి కానట్టున్నాయి. టీ బండి ఆయన నా అవస్థ చూసి పొట్లం తీసుకుని, పళ్ళతో కొరికి చించి, గాజు గ్లాసులో నీళ్ళలో కలిపి నా చేతిలో పెట్టి, తన చెయ్యి కూడా గ్లాసుకు ఆనించి ఉంచాడు. "షుగరా అమ్మా? మా అమ్మకూ ఉంది" అన్నాడు. ఆయన అక్కడ లేకపోతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించలేను.

ఆ రోజు నుంచి నేను పొట్లం మోయను. పదిహేను గ్రాముల గ్లూకోజును నీళ్ళలో కలిపిన చిన్న సీసాలు రెండు, ఒంటి చేత్తో మూత లేచేవి, నడుము పట్టీకి ఉంటాయి. నువ్వూ అలాగే చెయ్యి, ఇంట్లో కళ్ళు మూసుకుని మూత తీయడం అలవాటు చేసుకో. చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది, అది ఆలస్యం చేస్తుంది. పటికబెల్లం ముక్క నోట్లో కరగడానికే సమయం పడుతుంది. కొబ్బరినీళ్ళలో అవసరానికి చాలినంత చక్కెర ఉండదు. షుగర్ 70 కిందికి వస్తే పూర్తిగా ఆగి, ఒక సీసా తాగి, పదిహేను నిమిషాలు కూర్చుని మళ్ళీ చూసుకో. నడుస్తూ తాగితే తాగింది తాగినట్టే ఖర్చవుతుంది.

సాధన విషయంలో తొందర వద్దు. ఐదు నెలల వ్యవధి ఉంది, అది చాలు. వారానికి మూడు రోజులే పరుగు, ఆదివారం ఒక్కటే పొడుగు. మొదట రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఆ పద్ధతిలోనే పందెం పూర్తి చేసినా తప్పు లేదు. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించు. పందెంలోపు ఒకసారి 17, 18 కిలోమీటర్లు చేరితే మిగిలింది ఆ రోజు వస్తుంది. మొదటి రెండు నెలలు నెక్లెస్ రోడ్డు లాంటి చదునైన చోట పరుగెత్తి, తరువాతే జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలకూ ఫ్లైఓవర్లకూ వెళ్ళు, ఎందుకంటే ఎక్కుడు దారిలో షుగర్ ఎలా నడుస్తుందో చదును మీద తెలియదు. ఏప్రిల్, మే ఎండల్లో ఆరున్నరకల్లా ఇంటికి చేరాలి. ఒళ్ళు వేడెక్కితే ఇన్సులిన్ కూడా వేగంగా ఎక్కుతుంది, సీసాలో ఉన్న మందేమో వేడికి చెడుతుంది. ఆగస్టు వానలో తడిసిన మేజోడు పాదాన్ని ఒరిపిస్తుంది కాబట్టి ఇంటికి రాగానే వేళ్ళ మధ్య చూసుకో. చిన్న బొబ్బను కూడా నీ అంతట నువ్వు చిదమకు.

ఒక నోటు పుస్తకం పెట్టు. బయలుదేరేముందు అంకె, చివరి సూది ఎప్పుడు ఎన్ని యూనిట్లు, ఏం తిన్నావు, ప్రతి ఐదు కిలోమీటర్లకూ అంకె, ఇంటికొచ్చాక అంకె, రాత్రి రెండు గంటలకు అంకె. ఆ చివరిది అందరూ వదిలేస్తారు. ఖాళీ అయిన కండరాలు చక్కెరను మళ్ళీ నింపుకుంటూ ఉంటాయి కనుక పొడుగు పరుగు చేసిన రోజు రాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు, ఒక్కోసారి మర్నాటిదాకా ఆ ప్రభావం ఉంటుంది. రాత్రి వేసుకునే దీర్ఘకాలపు ఇన్సులిన్ ఆదివారాల్లో తగ్గించాలా అని డాక్టరు గారిని అడుగు. మంచం పక్కన గ్లూకోజు సీసా ఉంచుకో.

నీ గదిలో ఉండే అమ్మాయికి అంతా చెప్పావా? చెప్పలేదని నా అనుమానం. పెళ్ళి సంబంధాల మాట ఎత్తి, నలుగురికీ తెలియనివ్వవద్దని మీ అమ్మ అంటున్న సంగతి నాకు తెలుసు. నేను కూడా పదకొండేళ్ళు బడిలో తోటి టీచర్లకు చెప్పకుండా, మరుగుదొడ్డిలో నిలబడి సూది వేసుకున్నాను, ఆ పదకొండేళ్ళూ పక్కనే మనుషులు ఉండి కూడా నాకు ఎవరూ లేరు. దాచి పరుగెత్తవద్దు తల్లీ. గదిలోని అమ్మాయికి సీసా ఎక్కడుందో చూపించు. నువ్వు స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదనీ, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలనీ నేర్పు. పందెం రోజున నీ నంబరు కాగితం వెనుక జబ్బు పేరు, ఇన్సులిన్ పేరు, మీ నాన్నగారి ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

పందెం ఉదయం నీ షుగర్ ఎప్పుడూ లేనంతగా పెరిగి ఉండవచ్చు. ఆత్రుత వల్ల శరీరమే దాన్ని పెంచుతుంది. 230 చూసి కంగారుపడి మామూలు లెక్కన ఇన్సులిన్ వేసుకున్నవాళ్ళే ఎనిమిదో కిలోమీటరుకు రోడ్డు పక్కన కూర్చుంటారు. కీటోన్లు లేకపోతే మొదట నెమ్మదిగా పరుగెత్తి, ఐదో కిలోమీటరు దగ్గర చూసుకుని నిర్ణయించుకో. ఆ తరువాత గంటకు 30 గ్రాముల గ్లూకోజు చొప్పున కొంచెం కొంచెంగా తీసుకుంటూ వెళ్ళు. సాధనలో తీసుకుని చూడనిది ఏదీ ఆ రోజు కొత్తగా నోట్లో పెట్టుకోవద్దు.

పదిహేనో కిలోమీటరు దగ్గర నేను ఉంటాను. టిక్కెట్టు తీసుకున్నాను. ఎర్ర అంచు తెల్లచీర, చేతిలో రెండు సీసాలు. అక్కడ నువ్వు ఆగి వేలు చూపించాలి, అంకె చూశాకే పంపిస్తాను. 70కి తక్కువ ఉంటే ఇద్దరం ఆ గట్టు మీదే కూర్చుందాం. ఈ ఆదివారం పుస్తకంలోని పేజీని ఫోటో తీసి పంపు, రాత్రి రెండు గంటల అంకెతో సహా.

దీవెనలతో,
పెద్దమ్మ