తలుపులు చూసే ఉద్యోగంలో చేరుతున్న మేనకోడలికి

తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు ఫైర్ డోర్ ఇన్‌స్పెక్టర్‌గా, అంటే మంటనీ పొగనీ ఆపే తలుపుల్ని పరీక్షించే పనిలో, చేరుతున్నావని చెప్పింది. నా పనిలోకి నువ్వూ వస్తున్నావంటే గుండె నిండిపోయింది. కానీ "తలుపులే కదమ్మా, తేలికే" అన్నావట. ఆ మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది, నిద్ర పట్టలేదు. ఇంకోసారి అలా అనకు.

మామూలు సంగతులు ట్రైనింగ్‌లో చెబుతారు. తలుపు ఎంతసేపు మంటను ఆపగలదో చెప్పే రేటింగ్ లేబుల్ మీద రంగు పూసేశారేమో చూడు. మడతబందుల స్క్రూలు, పాత తాళం తీసేసిన కన్నాలు చూడు. సందులు గేజ్‌తోనే కొలువు. ఎన్‌ఎఫ్‌పీఏ 80 అనే అమెరికా ఫైర్ డోర్ ప్రమాణం ప్రకారం తలుపు కింద సందు 19 మిల్లీమీటర్లు దాటకూడదు.

ఇక నేను రాయాలనుకున్నది ఇది. నేను ఈ పనిలోకి వచ్చిన మూడో ఏడు ఒక ఆరంతస్తుల ఆఫీసు బిల్డింగు చూడాల్సి వచ్చింది. ఎవరికీ అడ్డం ఉండదని ఆదివారం రమ్మన్నారు. నాకూ అదే హాయి అనిపించింది. మెట్లదారి తలుపులు ఒక్కొక్కటీ పూర్తిగా తెరిచి వదిలాను. అన్నీ మూసుకున్నాయి, లాచ్ (మూసిన తలుపును పట్టి ఉంచే నాలుక) పడిన చప్పుడు నా చెవులతో విన్నాను. అన్నిటికీ 'బాగుంది' అని రాసి సంతకం పెట్టాను.

ఐదు వారాల తర్వాత, పనిరోజున, మూడో అంతస్తు స్టోర్ గదిలో మంట లేచింది. చిన్నదే, త్వరగానే ఆర్పారు. కానీ పొగ తలుపు దాటి మెట్లదారి నిండా కమ్మేసింది. పైనుంచి దిగుతున్న ఒక పెద్దావిడ ఆ పొగ పీల్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది.

వెళ్లి చూస్తే ఆ తలుపు దగ్గరికి వేసే ఉంది, లాచ్ మాత్రం పడలేదు. పనిరోజుల్లో ఏసీ నడుస్తుంటే అంతస్తులోని గాలి తలుపును మెట్లవైపు తోస్తుంది. ఆదివారం ఏసీ ఆపేస్తారు. అంటే జనం వాడే తలుపును నేను చూడనే లేదు. పైగా పూర్తిగా తెరిచి వదలడంతో ఆ ఊపుకే లాచ్ పడిపోయింది. జానెడు తెరిచి వదిలి ఉంటే, తలుపును దానంతట అదే మూసే క్లోజర్‌లో బలం లేదని ఆ రోజే తెలిసేది.

ఆవిడను చూడడానికి వెళ్లాను. ఒక్క మాట కూడా అనలేదు. "మెట్ల రెయిలింగ్ ఎక్కడుందో కనిపించలేదు బాబూ" అంది, అంతే. ఇప్పటికీ ఏ మెట్లు దిగినా నా చెయ్యి ముందు రెయిలింగ్ కోసం వెతుకుతుంది.

అందుకే చెబుతున్నాను. ప్రతి తలుపునీ పూర్తిగా, సగం, జానెడు తెరిచి వదిలి చూడు. చేత్తో తొయ్యకు. ఏసీ నడుస్తున్నప్పుడే చూడు. సెలవురోజు రమ్మంటే కుదరదని చెప్పెయ్యి.

2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది పోయారు. మంటను పైకి పాకించింది బయటి గోడల మీది తొడుగు, అంటే క్లాడింగ్. కానీ తమంతట తామే మూసుకోవాల్సిన ఫ్లాట్ తలుపులు చాలాచోట్ల మూసుకోక పొగ లోపలి దారుల్లోకి వచ్చిందని విచారణలో తేలింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో 11 మీటర్లు దాటిన నివాస భవనాల్లో ఉమ్మడి దారుల తలుపుల్ని 3 నెలలకోసారి, ఫ్లాట్ తలుపుల్ని 12 నెలలకోసారి చూడాలి. ఎన్‌ఎఫ్‌పీఏ 80 కనీసం ఏడాదికోసారి అంటుంది. ఆ ఏడాదిలోపు తలుపు మూసుకోకుండా దాని కింద ఎవరో ఒకరు చెక్కముక్క దూరుస్తారు, అది తీసే మనిషెవరో బిల్డింగువాళ్లను అడిగి తెలుసుకో.

తలుపు బాగు చేయించడం యజమాని బాధ్యత. చూసింది చూసినట్టు రాయడం నీది. "రేపే చేయిస్తాం, ఇవాళ్టికి పాస్ రాయండి మేడమ్" అంటారు, మంచిగానే అంటారు. రాయకు. చేయించాక మళ్లీ వెళ్లి చూసి రాయి. తాళం వేసి ఉండి చూడలేకపోతే, 'చూడలేదు' అనే రాయి.

చిన్నప్పుడు మా ఇంటికొస్తే నా టార్చి పట్టుకుని మంచం కింద దూరేదానివి, గుర్తుందా? అది ఇంకా పనిచేస్తోంది. నా గేజ్‌తో కలిపి కొరియర్‌లో పంపుతున్నాను. మొదటి బిల్డింగు చూసొచ్చిన రోజు ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

మీ మావయ్య