అడిగిందే అడిగే అమ్మ దగ్గర ఓపిక ఎలా నిలుపుకోవాలి?

అల్జీమర్స్ వచ్చిన అమ్మను ఇంట్లోనే చూసుకుంటున్నారనీ, ఆమె అడిగిందే అడుగుతుంటే విసుక్కుని, తర్వాత మీలో మీరే కుమిలిపోతున్నారనీ రాశారు. మా నాన్నకూ అదే జబ్బు. చివరిదాకా ఇంట్లోనే చూసుకున్నాం, అందుకే నాకు తెలిసింది చెబుతున్నాను.

పళ్లు బిగబట్టుకుంటే వచ్చే ఓపిక పూట కూడా నిలవదు. ఆ మనిషి ఎందుకలా చేస్తున్నారో అర్థమైతే సగం కోపం అసలు పుట్టదు. మిగతా సగానికి మందు మన నిద్ర.

ఈ జబ్బులో మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం తొలిదశలోనే దెబ్బతింటుంది. కొత్త సంగతులు గుర్తుండాలంటే అది పనిచేయాలి. మీరు ఇప్పుడిచ్చిన జవాబు అమ్మ మనసులో నిలవనే లేదు కాబట్టి, ఆమె ప్రతిసారీ మొదటిసారే అడుగుతున్నారు. "ఇందాకే చెప్పాను కదా" అంటే తనేం తప్పు చేసిందో ఆమెకు తెలియదు. మన గొంతులోని విసుగు మాత్రం తెలుస్తుంది. మాట మరిచిపోయినా ఆ బాధ చాలాసేపు ఉండిపోతుంది.

నాన్న సాయంత్రమయ్యేసరికి "ఇంటికెళ్దాం పద" అని మొదలుపెట్టేవారు. ఉన్నది సొంత ఇంట్లోనే. చొక్కా పైగుండీ పెట్టుకుంటూ, తీస్తూ, మళ్లీ పెట్టుకుంటూ గుమ్మం దగ్గర నిలబడేవారు. "ఇదే మనిల్లు నాన్నా" అంటే కంగారు ఇంకా పెరిగేది. మా చెల్లెలు మాత్రం వాదించకుండా పక్కన నిలబడి, "మీ చిన్నప్పటి ఇంట్లో మీరెక్కడ పడుకునేవారు నాన్నా?" అని అడిగేది. ఆయన చెప్పడం మొదలుపెట్టేవారు. చెబుతూ చెబుతూ కుర్చీలో కూర్చునేవారు, వేళ్లు గుండీని వదిలేసేవి. ఆయనకు కావలసింది భయం లేని చోటు అని నాకు అప్పుడే అర్థమైంది. ఆ తర్వాత అదే మాట ఎన్నిసార్లు విన్నా మునుపటంత చిరాకు రాలేదు.

సాయంత్రాలు ఇలా అలజడి పెరగడం ఈ జబ్బులో మామూలే. చీకటి పడకముందే లైట్లు వేసి, టీవీ సౌండ్ తగ్గించి చూడండి. కొంత తేడా కనిపించవచ్చు.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. నిన్నటిదాకా ఒకలా ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే బాగా తికమకపడుతున్నా, కేకలేస్తున్నా, లేక ఎప్పుడూ మగతగా ఉంటున్నా దాన్ని జబ్బు ముదిరిందని వదిలేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, చెప్పుకోలేని నొప్పి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఒక్కోసారి జ్వరం కనిపించదు. వెంటనే డాక్టరుకు చూపించండి. మనం మొండితనం అనుకునేది చాలాసార్లు నొప్పే.

ఇక మీ నిద్ర. రాత్రంతా లేస్తూ పడుకుంటూ ఉన్న మనిషికి పగలు శాంతంగా ఉండమని సలహా ఇవ్వడం అన్యాయం. "కన్నతల్లికి చేయడానికి కూడా విసుగేనా" అనేవాళ్ల మాట పట్టించుకోకండి. మా ఇంట్లో రాత్రులు పంచుకున్నాకే అందరి గొంతులూ మెత్తబడ్డాయి. తోబుట్టువులుంటే "కాస్త సాయం చెయ్యండి" అని ఊరుకోకుండా, ఏ వారం, ఏ రాత్రి, ఏ పని అని చెప్పి అడగండి. మనిషిని పెట్టుకునే వీలుంటే మొహమాటపడకుండా పెట్టుకోండి. అది అమ్మను వదిలేయడం ఎంతమాత్రం కాదు.

కోపం తన్నుకొస్తున్న క్షణంలో అమ్మ జాగ్రత్తగా కూర్చుని ఉన్నారో లేదో చూసి, పక్క గదిలోకి వెళ్లి రెండు నిమిషాలు ఆగి రండి. స్నానానికో మందుకో మొండికేస్తుంటే, మరీ అవసరం కానప్పుడు అరగంట ఆగి మళ్లీ అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటారు. ఎప్పుడైనా చెయ్యి లేస్తుందేమో అన్న భయం మీకే కలిగితే ఆరోజే ఇంట్లోవాళ్లకు చెప్పి, ఆ పూటకు బాధ్యత వేరొకరికి అప్పగించండి. ఈసారి అమ్మను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లినప్పుడు మీ నిద్ర గురించి, మీ టెన్షన్ గురించి కూడా ఆయనతో చెప్పండి.