విజిల్ పడని రాత్రి

చిత్తూరు,
ఆదివారం రాత్రి

చిరంజీవి పాపకు పెద్దనాయన దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ పెద్దమ్మకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. మొన్న నువ్వు ఫోన్లో అన్నమాట అప్పటినుంచీ నా మనసులో తిరుగుతానే ఉంది. ఏ దెయ్యం సినిమా చూసినా నిద్ర వస్తోంది పెద్దనాయనా, నిజంగా భయపెట్టేవి ఉంటే చెప్పు అన్నావు. ఫోన్లో గబగబా పేర్లు చెప్పేస్తే ఉపయోగం లేదు. ఏది, ఎందుకు, ఎట్లా చూడాలో కూడా చెప్పాలి. అందుకని కాగితం తీసుకుని కూర్చున్నా. 24 ఏళ్లు సినిమాహాల్లో ఆపరేటర్‌గా చేసినవాణ్ణి. జనం భయపడటం నేను చూసినంతగా మన ఇంట్లో ఎవరూ చూసుండరు.

ముందు నీ సంగతి. నువ్వు తిరుపతిలో హౌస్ సర్జన్సీ చేస్తున్నావు. క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ అంటే ఏమిటో నువ్వు చెప్పగా విన్నాను. లారీ కింద పడ్డవాళ్లను, పాము కరిచి నురుగు కక్కేవాళ్లను చూసి, కుట్లు వేసి, చేతులు కడుక్కుని టీ తాగే పిల్లవి. పేగులు బయటపడే సినిమాలు నీకెందుకు? అవి చూస్తే నీకు డ్యూటీ గుర్తొస్తుంది, అంతే. ఉన్నట్టుండి చెవులు పగిలే శబ్దం చేసి, వికారమైన మొహాన్ని తెచ్చి ముందర పెట్టేవి కూడా వదిలెయ్. దీపావళికి వెనకనుంచి లక్ష్మీబాంబు వేసినా ఉలిక్కిపడతాం, దాన్ని భయం అనలేం. నవ్వించే దెయ్యాల సినిమాలు మన తెలుగులో వరసపెట్టి వచ్చాయి, వాటి జోలికి పోనే వద్దు.

ఉలికిపాటుకూ భయానికీ తేడా నాకు కేబిన్ కిటికీ నేర్పింది. ఆ చిన్న అద్దంలోంచి బొమ్మతో పాటు జనం తలకాయలు కూడా కనపడతాయి. ఉలిక్కిపడ్డ జనం కేక వేస్తారు, వెంటనే పక్కవాణ్ణి చూసి నవ్వుతారు, ఆ నవ్వుతో అది దిగిపోతుంది. నిజంగా భయం పట్టిన జనం కేకలు వెయ్యరు. నేల క్లాసులో కాళ్లు పైకి పెట్టుకుంటారు. సోడా కోసం లేవరు. బీడీ ముట్టించినవాడు దాన్ని నోట్లో పెట్టుకోవడం మరిచిపోతాడు, ప్రొజెక్టర్ వెలుతురులో పొగ ఒక్కటే గీత మాదిరి నిలబడి ఉంటుంది.

అట్లాంటి భయం నేను మొదట చూసింది 1992లో, రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రాత్రి'కి. సెకండ్ షో. మా హాల్లో రెండు ప్రొజెక్టర్లు. రీలు అయిపోయే ముందు తెర మీద కుడివైపు పైమూలన చిన్న చుక్క పడుతుంది. ఆ చుక్క చూసి రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఇంకో చుక్క పడగానే బొమ్మను ఈ మిషన్‌లోంచి ఆ మిషన్‌లోకి మార్చాలి. రోజుకు నాలుగు ఆటలు, వేల సార్లు చేసిన పని, నిద్రలో లేపినా చేసేవాణ్ణి. ఆ రాత్రి రెండో చుక్క చూశాను, చెయ్యి లేవలేదు. తెర మీద రేవతి మొహాన్నే చూస్తా ఉండిపోయాను. రీలు అయిపోయింది, తెర తెల్లబడింది.

మామూలు రోజైతే ఆ క్షణమే విజిళ్లు, బూతులు, కుర్చీలు బాదే చప్పుడు. ఆ రాత్రి ఒక్క విజిల్ పడలేదు. అంత జనం తెల్లటి తెర వంక అట్లాగే చూస్తా కూర్చున్నారు, అందులోంచి ఏదో వస్తుందన్నట్టు. నేను తేరుకుని మిషన్ మార్చేదాకా నాలుగైదు సెకన్లు. ఆ నాలుగైదు సెకన్లు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ సినిమాలో ఏముందంటే కొత్తగా దిగిన ఇల్లు, కారు కింద పడి చచ్చిందని పూడ్చిపెట్టిన పిల్లి, కాలేజీకి పోయే ఆడపిల్ల. ఇంతే. కెమెరా మాత్రం ఎవరో మనిషి వెనకాలే నడుస్తున్నట్టు తిరుగుతా ఉంటుంది. ముందు ఇది చూడు. అక్కడక్కడా నిదానం అనిపిస్తుంది, ఓర్చుకో. సినిమాహాల్లో ఆ పిల్ల ఒంటరిగా మిగిలిపోయే సీను వచ్చినప్పుడు, మేమంతా దాన్ని సినిమాహాల్లోనే కూర్చుని చూశామని గుర్తు తెచ్చుకో.

చూసే పద్ధతి సినిమా పేరు కంటే ముఖ్యం పాపా. హాస్టల్లో నలుగురు ఒకే మంచం మీద చేరి, చిప్స్ తింటా, మధ్యలో వాట్సాప్ చూసుకుంటా ఉంటే ఏ సినిమా భయపెడుతుంది? హాల్లో మేము జనానికి చేసిన సాయం లైట్లు ఆర్పి తలుపులు మూయడమే. ఇప్పుడు ఆ పని నీకు నువ్వే చేసుకోవాలి. ఫోన్ వేరే గదిలో పెట్టు. ల్యాప్‌టాప్‌లో, ఒక్కదానివే, రాత్రి పదకొండు దాటినాక చూడు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకో, ఈ సినిమాల్లో సగం పని చెవిలోనే జరుగుతుంది. డబ్బింగ్ వద్దు, ఏ భాషలో తీశారో ఆ భాషలోనే కింద అక్షరాలు పెట్టుకుని చూడు. నటి తీసుకునే ఊపిరి, మాట మధ్యలో ఆగడం డబ్బింగ్‌లో పోతాయి. బోరు కొడుతోందని పది సెకన్లు ముందుకు తొయ్యొద్దు, తీసినవాడు ఆ నిదానంలోనే నీ కాళ్ల కింద గొయ్యి తవ్వుతుంటాడు. ఏ చోట ఫోన్ కోసం నీ చెయ్యి వెతుక్కుందో గమనించుకో. నీ భయం అక్కడ మొదలైందన్నమాట. నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజు మాత్రం వద్దు. నిద్ర లేని ఒంటికి గాలికి తలుపు కదిలినా భయమే, అందులో సినిమా గొప్ప ఏముంటుంది?

నీ వృత్తికి సూటిగా తగిలేది 'ది ఎగ్జార్సిస్ట్', 1973లో విలియం ఫ్రీడ్‌కిన్ తీసింది. దాని గురించి ఎవరు మాట్లాడినా తల గిర్రున తిరగడం, పచ్చటి వాంతి, ఇవే చెప్తారు. నువ్వు ఆస్పత్రి సీన్లు చూడు. పన్నెండేళ్ల పాప, తల్లి ఒక్కతే. డాక్టర్లు మెదడులో ఏదో ఉందంటారు. మెడలో సూది గుచ్చి, రక్తనాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీస్తారు (ఇప్పుడు మెడలో గుచ్చరని నువ్వే చెప్తావు). ఏమీ దొరకదు. మళ్లీ పరీక్ష, మళ్లీ ఏమీ లేదు. చివరికి ఆ డాక్టర్లే చర్చి వాళ్లను పిలిచి చూడమంటారు. ఆ మాట విన్నప్పుడు తల్లి మొహం చూడు. రిపోర్టులన్నీ బాగున్నాయమ్మా, బిడ్డ ఎందుకు ఇట్లా ఉందో మాకు తెలీడం లేదు అని ఏదో ఒకరోజు నువ్వూ ఒక తల్లికి చెప్పాల్సి వస్తుంది. ఇంకో సంగతి, పడకగది సెట్టును ఏసీలు పెట్టి గడ్డకట్టేంత చల్లబరిచారు. నటుల నోట్లోంచి వచ్చే ఆవిరి నిజమైన ఆవిరి.

'అండర్ ది షాడో' కూడా నీలాంటి ఆడపిల్ల కోసమే. 2016లో బాబక్ అన్వరి తీశాడు. 1980లలో ఇరాన్, ఇరాక్ యుద్ధం, టెహ్రాన్‌లో ఒక అపార్ట్‌మెంట్. డాక్టరు చదువు మధ్యలో ఆగిపోయి, మళ్లీ చేర్చుకోమంటే కాలేజీ వాళ్లు కాదన్న తల్లి, ఆమె చిన్న కూతురు. మీద క్షిపణులు పడుతుంటే పక్కింటివాళ్లు ఒక్కొక్కరే ఊరు వదిలిపోతారు, ఇల్లు ఖాళీ అవుతున్న కొద్దీ లోపల ఇంకెవరో చేరినట్టుంటుంది.

జపాను వాళ్ల 'రింగు', 1998, హిదేయో నకాటా. ఒక వీడియో క్యాసెట్ చూసినవాళ్లు వారం తర్వాత చచ్చిపోతారు, కథ ఇదే. చివర్లో వచ్చే ఆడదెయ్యం నడక కోసమే చూడమంటున్నా. నటిని వెనక్కి నడిపించి తీసి, ఆ ఫిల్మును తిరగేసి వేశారు. మనిషి మనవైపే వస్తుంటుంది, కానీ అడుగు పడే తీరు తేడాగా ఉంటుంది. కన్ను తప్పును పట్టేస్తుంది, తప్పు ఎక్కడుందో చెప్పలేదు. కిటుకు తెలిసి చూసిన నాకే వెన్ను జలదరించింది.

ఇక నేను అన్నిటికంటే పైన పెట్టేది కొరియా సినిమా 'ది వెయిలింగ్'. 2016, నా హాంగ్ జిన్ తీశాడు. 156 నిమిషాలు, కాబట్టి సెలవు రోజు పెట్టుకో. కొండల మధ్య పల్లెటూరు, వాన. ఊళ్లో ఒక్కో ఇంట్లో మనుషులకు ఒళ్లంతా దద్దుర్లు లేచి, మతి తప్పి, సొంతవాళ్లనే చంపుతుంటారు. అడవి అంచున ఉండే ఒక జపాను ముసలాయన మీద అందరికీ అనుమానం. విచారించే పోలీసు గొప్ప ధైర్యవంతుడూ కాదు, తెలివైనవాడూ కాదు, మన వీధిలో ఎవరో ఒకరి మాదిరి ఉంటాడు. అంతలో అతని కూతురికే జబ్బు చేస్తుంది.

దీన్ని నువ్వు గంగజాతరను మనసులో పెట్టుకుని చూడాలి. నీకు ఐదేళ్లప్పుడు తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు నా భుజాల మీద ఎక్కి వచ్చావు. బండ వేషం, తోటి వేషం వేసుకున్నవాళ్లను చూసి చప్పట్లు కొట్టావు. మాతంగి వేషం వచ్చేసరికి నా జుట్టు పట్టుకుని మొహం దాచుకున్నావు. లోపల ఉన్నది మగమనిషే పాపా అని ఎంత చెప్పినా నమ్మలేదు. దాక్కున్న పాలెగాణ్ణి వెతకడానికి అమ్మవారు రోజుకో వేషం వేసిందని కదా మన కథ. ఏ వేషం వచ్చినా వెనక ఉన్నది అమ్మే అని తెలుసు కాబట్టి దండం పెడతాం. వేషం వెనక ఉన్నది ఎవరో తెలియకపోతే మన గతి ఏమిటి? ఆ పోలీసు పరిస్థితి అదే. కాపాడటానికి వచ్చింది ఎవరు, బిడ్డను తీసుకుపోవడానికి వచ్చింది ఎవరు అన్నది అతనికి తేలదు, అతనితో పాటు మనకూ తేలదు.

మధ్యలో మంత్రగాడి పూజ ఒకటి వస్తుంది. ఒకపక్క డప్పులు, కత్తులు, మేకులు. ఇంకోపక్క కొండ మీద వేరే మనిషి చేసే పూజ. మధ్యన మంచం మీద ఆ పాప గిలగిల కొట్టుకోవడం. ఎవరు కొట్టే దెబ్బ ఎవరికి తగులుతోందో తెలీదు. మన జాతరలో పంబల చప్పుడుకు ఒళ్లు పులకరించినట్టే మొదట ఉంటుంది. కాసేపటికి, ఆ చప్పుడు ఎవరైనా ఆపితే బాగుండు అనిపిస్తుంది. సినిమా అయిపోయినాక నేను మీ పెద్దమ్మ మంచం దగ్గరకు వెళ్లి, ఊపిరి తీసుకుంటోందా లేదా అని శానాసేపు చూస్తా నిలబడ్డాను.

పాత వాటిలో 'ది ఇన్నొసెంట్స్' ఒక్కటి వదలొద్దు. 1961, జాక్ క్లేటన్ తీసిన నలుపు తెలుపు బొమ్మ. పట్టపగలు చెరువు అవతల తుంగలో నల్లబట్టలు కట్టుకున్న ఆడమనిషి నిలబడి ఉంటుంది. మీదికి రాదు, అరవదు, నిలబడి ఉంటుంది. ఆ తర్వాత వారం రాయలచెరువు కట్ట మీద పోతా పోతా బండి ఆపి, నీళ్ల అంచున తుంగ వైపు నేను ఎంతసేపు చూశానో.

మిగిలినవి త్వరగా చెప్తా. 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' 1999లో వచ్చింది, నటుల చేతికే కెమెరాలు ఇచ్చి అడవిలోకి పంపి తీశారు. అలిపిరి మెట్ల దారిలో రాత్రిపూట దీపాల వెలుగులోంచి పక్కన అడవిలోకి చూస్తే ఎంత చీకటో నీకు తెలుసు, ఆ సినిమా అంతా ఆ చీకటే. 'తుంబాడ్' (2018) చూడటానికి చాలా గొప్పగా ఉంటుంది, దురాశ కథ, నీకు మాత్రం భయం తక్కువ వేస్తుంది. తెలుగులో ఈమధ్య వచ్చినవాటిలో 'మసూద' (2022) దెయ్యాన్ని నవ్వులాట చెయ్యకుండా తీశారు. మొదటి గంట ఓపిక పట్టు.

ఇంకా రెండు ఉన్నాయి. అవి ఇప్పుడు చూడొద్దు పాపా, నా మాట విను. ఒకటి 'హెరిడిటరీ', 2018, ఆరీ ఆస్టర్ తీసింది. రెండోది 'భూతకాలం', 2022, రాహుల్ సదాశివన్ తీసిన మలయాళం సినిమా. రెండూ ఇంట్లో ముసలామె పోవడంతో మొదలవుతాయి. అవ్వ పోయి మనకు ఇంకా ఏడాది తిరగలేదు.

భూతకాలంలో తల్లి వేషం రేవతిదే. 'రాత్రి'లో ఆడపిల్లగా చూసిన ఆ మొహాన్నే 30 ఏళ్ల తర్వాత, పెద్ద కొడుకున్న తల్లిగా చూశాను. తల్లీ కొడుకూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకరి భయాన్ని ఒకరు నమ్మరు. ఆ ఇంట్లో ఉన్నది దెయ్యమా, మనోవ్యాధా అన్నది తేల్చుకోలేక నలిగిపోతాం. సైకియాట్రీ పోస్టింగ్ చేసినదానివి, నీకు ఇంకా గట్టిగా తగులుతుంది.

హెరిడిటరీలో చిన్నపిల్ల ఒకతె నాలుకతో టక్‌మని శబ్దం చేస్తుంటుంది. అంతకుమించి ఏమీ చెప్పను. అవ్వ పోయిన మూడో నెలలో నేను దాన్ని చూశాను, చూడాల్సింది కాదు. ఆ రాత్రి వంటింట్లో అడకత్తెర చప్పుడు వినపడింది. అవ్వ అన్నం తిన్నాక గడప దగ్గర కూర్చుని వక్క కత్తిరించేది చూడు, ఆ చప్పుడే. లేచి వెళ్లి లైటు వేస్తే ఏమీ లేదు. అడకత్తెర ట్రంకుపెట్టెలో ఉంది, కర్మల రోజు నేనే పెట్టి తాళం వేశాను. తెల్లారేదాకా ఆ గడప మీదే కూర్చున్నా. భయంతో నోరు ఎండిపోయింది, అయినా ఆ చప్పుడు ఇంకొక్కసారి వినపడితే బాగుండునని కూడా ఉండింది. అట్లాంటిది హాస్టల్ గదిలో నీకు ఒక్కదానికే ఎదురవడం నాకు ఇష్టం లేదు.

అవ్వ సంవత్సరీకానికి ఎట్లాగూ వస్తావు కదా. చుట్టాలంతా వెళ్లిపోయినాక ఇంకో రెండు రోజులు ఉండేట్టు సెలవు పెట్టుకో. మొదటి రాత్రి భూతకాలం చూద్దాం, రెండో రాత్రి హెరిడిటరీ. లైట్లు నేను ఆర్పుతా, తలుపులు నేను వేస్తా. ఈలోపు 'రాత్రి' చూసి, ఏ సీను దగ్గర నీ చెయ్యి ఫోన్ కోసం పోయిందో నాకు రాయి.

ఇట్లు,
మీ పెద్దనాయన