గొట్టం తిప్పే ముందు సందు కొలువు

చిత్తూరు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా నీ డాన్ వెస్సన్ రివాల్వర్‌కు గొట్టం (బ్యారెల్) మంచిదే దొరికింది. మరలు తినలేదు, మూతి దగ్గర దెబ్బల్లేవు. తూటాలు పెట్టే సిలిండర్ ముందు మొహానికీ గొట్టం వెనకమొహానికీ మధ్య సందు 0.15 మిల్లీమీటర్లకు పెట్టేసరికి, గొట్టంలో వాయువు పైకి పోయే కంతలు, అదే పోర్టులు, నేరుగా పైకి రాలేదని, వెనకనుంచి చూస్తే గడియారంలో ఒంటిగంట వైపు తిరిగి ఆగాయని రాశావు. "ఇంకాస్త బిగించి పన్నెండుకు తెచ్చేయనా మామా" అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఈ ఉత్తరం చదివి, కొలతలు తీసుకున్నాక చెయ్యి వెయ్యి.

నీ డాన్ వెస్సన్ తయారైన తీరే వేరు. స్మిత్ అండ్ వెస్సన్ పెట్టిన ఇద్దరిలో ఒకడైన డేనియల్ వెస్సన్ మునిమనవడు 1968లో మసాచుసెట్స్‌లోని మాన్సన్‌లో పెట్టిన కంపెనీ అది. మామూలు రివాల్వర్‌లో గొట్టాన్ని ఫ్రేములోకి గట్టిగా బిగించేసి వదిలేస్తారు, దాన్ని ఊడదీయాలంటే వైసు, పెద్ద రెంచి, తెలిసిన చెయ్యి కావాలి. మా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే పోలీసు ఆయుధాల గదిలో, ఉండిన పాత వెబ్లీ రివాల్వర్లు నడుము విరిచి తెరిచేవి, వాటికి గొట్టం విప్పే పనే లేదు. నీదాంట్లో గొట్టం పలచని ట్యూబు. చేత్తోనే ఫ్రేములోకి తిరుగుతుంది. దానిమీద ష్రౌడ్ అనే తొడుగు వేస్తాం, మూతి దగ్గర నట్టు బిగిస్తాం. ఆ నట్టు గొట్టాన్ని ముందుకు లాగి, ష్రౌడ్‌ను ఫ్రేముకేసి అదిమి పట్టుకుంటుంది. నీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు విప్పి చూపిస్తే, ఈ పనితనానికి నేను నిజంగా ముచ్చటపడ్డాను.

గురి చూసే ముందు ముల్లు ఉండేది ష్రౌడ్ మీద. ఆ ష్రౌడ్‌ను ఫ్రేములోని చిన్న పిన్ను పట్టుకుంటుంది కాబట్టి గొట్టం ఎంత తిరిగినా గురి వంకరపోదు. పోర్టుల్లేని గొట్టానికి ఏ వైపు తిరిగి ఆగినా బాధ లేదు, సందు సరిపోతే చాలు. పోర్టులున్న గొట్టంతోనే చిక్కు. ఒకే మర రెండు పనులు చేస్తోంది. తిప్పితే సందూ మారుతుంది, పోర్టులూ తిరుగుతాయి. ఒకదాన్ని సరిచేయబోతే రెండోది చెడుతుంది. ఇక్కడ యజమాని సందే, పోర్టులు దాని వెనక నడవాల్సిందే.

లెక్క చెబుతాను. నీ గొట్టం మర అడుగెంతో, అంటే ఒక చుట్టుకు ఎంత లోపలికి పోతుందో, పిచ్ గేజ్ పెట్టి నువ్వే చూసుకో. చెప్పడానికి సులువుగా ఉంటుందని ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు అనుకుందాం. ఒంటిగంట నుంచి పన్నెండుకు 30 డిగ్రీలు, అంటే చుట్టులో పన్నెండో వంతు. అంత బిగిస్తే గొట్టం 0.08 పైచిలుకు లోపలికి పోతుంది. నీ 0.15లో మిగిలేది 0.07 కంటే తక్కువ. అదీ పరవాలేదనిపిస్తుంది, ఇంతకంటే బిగువుగా పెట్టుకుని కాల్చేవాళ్లూ ఉన్నారు. కానీ సిలిండర్‌కు ముందుకూ వెనక్కూ కొంచెం ఆట ఉంటుంది. దాన్ని వెనక్కి నొక్కి ఒకసారి, ముందుకు లాగి ఒకసారి కొలువు. ఆ రెంటికీ తేడా 0.05 ఉందనుకో, ముందుకొచ్చినప్పుడు మిగిలే సందు 0.02 కూడా ఉండదు. రెండు సిలిండర్ల తూటాలు కాల్చేసరికి మసి పేరుకుంటుంది, వేడికి లోహం ఉబ్బుతుంది, సిలిండర్ గొట్టం వెనకమొహాన్ని రాసుకుంటూ పట్టేస్తుంది. రేంజిలో ట్రిగ్గర్ కదలక నిలబడతావు.

సందు ఎక్కువైతే ఇంకో తంటా. వాయువు పక్కలకు చిమ్మి తూటా వేగం తగ్గుతుంది, పక్క లేన్‌లో ఉన్నవాడి చెంపకు సీసపు రేణువులు కొడతాయి, పైన ఫ్రేము పట్టీని మంట కొరుక్కు తింటుంది. వార్షిక ఫైరింగ్‌లో టైమింగ్ పోయిన, అంటే సిలిండర్‌లో తూటా ఉండే చాంబర్ గొట్టానికి సరిగ్గా ఎదురుగా ఆగని, ఒక పాత రివాల్వర్ పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ చెవిమీద ఎర్రని చుక్కలు చూశాక, రివాల్వర్‌కు పక్కన ఎవరినీ నిలబడనిచ్చేవాణ్ని కాదు.

ఒక మంచి సంగతి ఏమంటే నీ పోర్టులు సరైన పక్కకే తప్పాయి. బిగించే కొద్దీ పన్నెండు వైపు వస్తాయి. అందుకని గొట్టం వెనకమొహాన్ని లేతుమీద 0.05 దాకా తీయిస్తే, పోర్టులు నిలువుగా వచ్చేసరికి సందు 0.12 దగ్గర నిలుస్తుంది. పోర్టులు పదకొండు వైపు ఆగి ఉంటే దాదాపు చుట్టంతా తిప్పాల్సి వచ్చేది, 0.9 దాకా లోహం పోయేది. అప్పుడు వేరే గొట్టం వెతుక్కో అనేవాణ్ని. ఒక జాగ్రత్త. నేను చెప్పేదంతా వెనకనుంచి, కాల్చేవాడి కంటితో చూసి చెబుతున్నది. మూతి వైపు నుంచి చూస్తే ఒంటిగంట పదకొండవుతుంది. మెషినిస్టుకు రాసిచ్చే కాగితం మీద ఏ వైపు నుంచి చూశావో రాయి.

ఆకురాయి పట్టి నువ్వే రుద్దేద్దామనుకోవద్దు అబ్బోడా. ఆ మొహం గొట్టం రంధ్రానికి ఖచ్చితంగా లంబంగా ఉండాలి. చేత్తో రుద్దితే ఒక అంచు పల్లమవుతుంది, ఆపైన ఏ గేజీ నిజం చెప్పదు. గన్‌స్మిత్‌కు ఇచ్చెయ్యి. గొట్టం వెనక మొదట్లో తూటా దూరే ఏటవాలు మూతి, ఫోర్సింగ్ కోన్ అంటారు, దాన్ని కూడా ఆయన్నే చూడమను.

కొలిచే పద్ధతి కూడా చెప్పేస్తాను. తూటాల డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు. ఆరు చాంబర్లూ వేలు పెట్టి తడిమి ఖాళీ అని చూసుకో. సిలిండర్ ముందు మొహంమీద, గొట్టం వెనకమొహంమీద ఉన్న మసి పూర్తిగా పోవాలి. మసిమీద కొలిచిన సందు అబద్ధం. ఫ్రేము మరల్లో, ష్రౌడ్ వెనక అంచున, పిన్ను చుట్టూ ఇసుకరేణువు కూడా ఉండకూడదు. బైకు మెకానిక్కులు టాపెట్లకు వాడే ఫీలర్ గేజే చాలు, నూనె తుడిచి వాడు. ఒక్క చాంబర్ దగ్గర కొలిచి ఊరుకోకుండా ఆరింటి దగ్గరా కొలువు. అన్నిటికంటే బిగువుగా ఉన్నదాన్ని పట్టుకునే సందు పెట్టాలి. గేజి ఆకు లోపల ఉండగా గొట్టాన్ని అది తగిలీ తగలకుండా ఆపి, ఫ్రేముకూ గొట్టం వెనక కొసకూ కలిపి మార్కర్‌తో ఒక గీత గియ్యి.

నట్టు దగ్గరే చాలామంది పని చెడగొట్టుకుంటారు. నట్టు తిరిగే దిక్కూ గొట్టం లోపలికి పోయే దిక్కూ ఒకటే. రెంచి వేసి లాగితే నట్టుతోపాటు గొట్టమూ కొంచెం తిరుగుతుంది, సందు తగ్గి పోర్టులు జరుగుతాయి. ఆపైన నట్టు లాగుడుకు మరల్లోని వదులు తీరి గొట్టం రవ్వంత ముందుకొస్తుంది, సందు పెరుగుతుంది. ఈ రెండూ ఏ లెక్కన ఉంటాయో బిగించి చూస్తేగానీ తెలీదు. అందుకే గేజి ఆకు తీయకుండానే నట్టు బిగించాలి, తర్వాత ఆకు లాగితే కొంచెం పట్టుగా జారి రావాలి. మన పుత్తూరు కట్టు వేసేవాళ్లు కూడా ఎముక సరిగా కూర్చుందో లేదో చేత్తో చూసుకున్నాకే గదా బద్దలు బిగిస్తారు. నట్టు బిగించాక మార్కర్ గీత చూడు. జరిగి ఉంటే విప్పి, ఎంత జరిగిందో అంత వెనక్కి పెట్టి మళ్లీ బిగించు. దానికొచ్చిన రెంచే వాడు. పైపు తగిలించి బలం వేస్తే నట్టు గాడులు విరిగిపోతాయి.

తర్వాత దీపం వెలుగులో పైనుంచి పోర్టుల్ని చూడు. ష్రౌడ్ కంతకూ పోర్టు అంచుకూ మధ్య రెండు వైపులా ఒకే వెడల్పు కనబడాలి. ఒకవైపు అంచు పోర్టును మూస్తుంటే వాయువు ష్రౌడ్ గోడకు కొట్టి, సీసం అక్కడే పేరుకుంటుంది, తుపాకీ పక్కకు తోస్తుంది. ఇంకోటి, పోర్టెడ్ గొట్టంమీద కంతల్లేని ష్రౌడ్ ఎప్పుడూ తొడగొద్దు, లోపల చిక్కుకున్న వాయువుకు దారి ఉండదు. చివరికి .357 రేంజ్ రాడ్, అంటే గొట్టానికి సరిపోయే కొలత కడ్డీ, ఒకటి కొని మూతినుంచి జార్చు. సిలిండర్ లాకైన స్థితిలో ఆరు చాంబర్లలోకీ ఎక్కడా తట్టకుండా దిగాలి. తడితే అది గొట్టం తప్పు కాకపోవచ్చు, టైమింగ్ చూపించుకోవాలి.

మొదటి రౌండ్లు .38 స్పెషల్ వెయ్యి, అవి .357 మాగ్నమ్ కంటే బలం తక్కువ తూటాలు. .357 చాంబర్లో అవి నిక్షేపంగా ఆడతాయి. ఒక సిలిండర్ అయ్యాక ఆగి, ఖాళీ చేసి, వేడిమీదే సందు ఇంకోసారి కొలువు, నట్టు వదులైందేమో చూడు. బాగుంటేనే మాగ్నమ్‌లకు పో. పైపూత లేని సీసం తూటాలు ఈ గొట్టానికి వద్దు, పోర్టుల అంచులు వాటిని గీకుతాయి. జాకెట్ ఉన్నవి వాడు. పోర్టుల వల్ల మూతి పైకి ఎగరడం తగ్గుతుంది గానీ, మంటా శబ్దమూ పైకే కొడతాయి. తుపాకీ ఒంటికి దగ్గరగా పెట్టి కాల్చకూడదు, కళ్లద్దాలు లేకుండా అసలే వద్దు. ఎడమ బొటనవేలు సిలిండర్ ముందుకు పోకుండా చూసుకో.

ఇక్కడి సంగతీ చెప్పాలి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం తుపాకీ భాగాల్ని కూడా ఆయుధాలుగానే లెక్కిస్తుంది, బాగుచేసే పనికీ లైసెన్సు కావాలి. కాబట్టి ఈ ఫొటోలు మన కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి, మన ఊరి పిల్లలకు లేనిపోని ఆశలు రేపొద్దు. మీ అమెరికాలో తుపాకీ నంబరు ఫ్రేముకే ఉంటుంది కాబట్టి గొట్టం విడిగా దొరికింది. నీకు గ్రీన్‌కార్డు వచ్చాక కొన్నావు, సరే. నీ రూమ్మేట్ హెచ్‌1బి మీద ఉన్నాడన్నావు. అలాంటి వీసా ఉన్నవాళ్లు, చెల్లే వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకీ దగ్గర పెట్టుకోవడమే అక్కడి ఫెడరల్ చట్టంలో నేరం. సరదాకైనా వాడి చేతికివ్వకు, అల్మారా తాళమూ ఇవ్వకు.

ఆరు చాంబర్ల కొలతలూ, సిలిండర్ వెనక్కి నొక్కినప్పటివీ ముందుకు లాగినప్పటివీ, రెండు వరసలుగా రాసి పంపు. మర అడుగెంతో కూడా రాయి. అది చూసి లేతుమీద ఎంత తీయించాలో చెబుతాను. మీ అత్త నీకు మామిడితాండ్ర కట్టి పెట్టింది, వచ్చే నెల బయల్దేరేవాళ్లతో పంపుతాం. ఇక్కడ రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి, పగలంతా తోటలో ఉంటాను, అక్కడ సిగ్నల్ ఉండదు.

మీ మామ